ఆడినవాడు, ఆడించినవాడు

ఆడుట యొక విద్య. ఆడించుట వేరొక విద్య. మొదటిదానికి కండబలము, కంటిచూపు, కాలివేగము కావలెను. రెండవదానికి అవి యెట్లు సమకూరునో తెలిసిన బుద్ధియు, తెలిసినదానిని దాచుకొనక ఇతరుల చేతిలో పెట్టగల మనస్సును కావలెను. చక్కగా పాడువారందరును సంగీతము నేర్పలేరు. నాగలి పట్టి సాలు తిన్నగా తీయువారందరును ఆ మెలకువను ప్రక్కవానికి చెప్పలేరు. తనకు సహజముగా అబ్బిన విద్యను, అది అబ్బనివానికి అలవరచుట చాల కష్టము. ఏలయన, తన కది యెట్లు వచ్చినదో అతడు ఎన్నడును ఆలోచించియుండడు. అందుచేతనే మేటి ఆటగాండ్రు పెక్కురు శిక్షకులై రాణింపక పోయిరి.

ఈ రెండు విద్యలలోను శిఖరమును చేరినవారు ఏ ఆటలోనైనను వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే యుందురు. హ్యాండ్‌బాల్ ఆటలో అట్టివాడు జర్మనీ దేశీయుడైన హైనర్ బ్రాండ్. అతడు 1978లో ఆటగాడుగా ప్రపంచవిజేత జట్టులో నుండెను. 2007లో శిక్షకుడుగా తన జట్టును ప్రపంచవిజేతగా చేసెను. ఈ రెండు విజయముల నడుమ 29 సంవత్సరములు గడచెను. విజయములకంటె ఆ నడిమి సంవత్సరములే అతని కథలో ఎక్కువ తెలిసికొనదగినవి.

అతని కథకు ముందుగా ఆ ఆటను గూర్చి కొంత తెలిసికొనవలెను. హ్యాండ్‌బాల్ ఆటకు స్థలము 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఒక్కొక్క జట్టున ఏడుగురు ఆడుదురు. వారిలో ఒకడు గోలుకీపరు. గోలు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు కలిగియుండును. దానిముందు 6 మీటర్ల దూరమున ఒక వంపు గీత గీయబడును. ఆ గీతకు లోపల గోలుకీపరు తప్ప వేరెవ్వరును నిలువరాదు. బంతిని చేతబట్టినవాడు మూడడుగులకంటె ఎక్కువ వేయరాదు. మూడు క్షణములకంటె ఎక్కువసేపు దానిని ఊరక పట్టుకొనియుండరాదు. కాని గీతకు వెలుపలనుండి పైకెగిరి, కాలు నేల మోపకముందే బంతిని విసరవచ్చును. 30 నిమిషముల చొప్పున రెండు భాగములుగా ఆట సాగును. పరుగు, ఎగురుట, విసరుట అను మూడును కలసిన ఆట యిది. ప్రత్యర్థిని ఛాతితో అడ్డగించుట యుండుటచే, మన కబడ్డీయందు వలెనే ఇందును దేహదార్ఢ్యమునకు పెద్దపీట కలదు.

మొదటి ప్రపంచయుద్ధపు తుదిదినములలో బెర్లిన్ నగరమున ఈ ఆట రూపుదిద్దుకొనెను. 1919లో కార్ల్ షెలెంట్స్ అను వ్యాయామోపాధ్యాయుడు దాని నియమములను సవరించి, దానికొక పటుత్వము కలిగించెను. తొలుత ఇది ఆరుబయట, పదునొకండుగురితో ఆడబడుచుండెను. 1936 నాటి బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో ఆ రీతిగనే ఆడిరి. ఉత్తర ఐరోపా దేశములలో శీతకాలమున మంచు మైదానములను కప్పివేయును. అందుచే ఆట క్రమముగా ఇంటి కప్పు క్రిందికి చేరెను. ఏడుగురి ఆట 1972లో మ్యూనిక్ ఒలింపిక్సునందు ప్రవేశించెను.

అట్టి ఆటకు పేరుపడిన ఊళ్ళలో గుమ్మర్స్‌బాఖ్ ఒకటి. కొలోన్ నగరమునకు తూర్పున, కొండల నడుమ నున్న చిన్న పట్టణ మది. జనసంఖ్య యేబదివేల ప్రాంతము. ఇంత చిన్న ఊరి సంఘము ఐరోపాఖండపు విజేతల కప్పును ఐదుసార్లు గెలుచుకొనెను. పెద్ద పోటీలకు ఊరిలోని ఆటశాల చాలక, డోర్ట్‌మండ్ నగరమందలి విశాలమైన శాలకు పోయి ఆడవలసివచ్చెడిది. హైనర్ బ్రాండ్ 1952 జూలై 26వ తేదీన ఈ ఊరిలోనే పుట్టెను. అతని అన్నలు క్లౌస్, యోఖెన్ అనువారును ఈ సంఘమునకే ఆడిరి. ఇంటిలో పెద్దలు పట్టిన బంతినే చిన్నవాడును పట్టెను. ఆటగాడుగా అతడు వేరొక సంఘమునకు పోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలు చెప్పిన మాట అతనిపట్ల అక్షరాల నిజమయ్యెను.

బ్రాండ్ ఆడిన స్థానము గమనింపదగినది. దూరమునుండి ఎగిరి, బంతిని బాణమువలె విసరి, ప్రేక్షకులచే కేకలు పెట్టించు స్థానము కాదది. ఆరు మీటర్ల గీతవద్ద, ప్రత్యర్థుల నడుమ, గోలువైపు వీపు పెట్టి నిలుచువాని స్థానము. అట్లు నిలిచినవాడు ఎదుటి రక్షకులను తన దేహముతో అడ్డగించి, తనవారికి సందు కల్పించవలెను. తోపులను, గుద్దులను సహింపవలెను. అతడు చేసిన సందులోనుండి వేరొకడు గోలు చేయును. చప్పట్లు ఆ వేరొకనికే లభించును. రక్షణలో మాత్రము అతడే కోటగోడ. బ్రాండ్ దేశమునకు 131 పోటీలలో ఆడి 231 గోలులు చేసెను. సగటున ఒక్కొక్క పోటీకి రెండు గోలులైనను రాలేదు. అంకెలను మాత్రమే చూచువారికి ఇది యేమంత గొప్పగా తోచదు. కాని అతనిని తప్పించి జట్టును కూర్చిన శిక్షకుడు అరుదు. ఇతరులు రాణించుటకై తాను పాటుపడుట శిక్షకుని వృత్తిధర్మము. బ్రాండ్ ఆ ధర్మమును, తాను శిక్షకుడు కాకపూర్వమే, ఆరు మీటర్ల గీతపై నిలిచి అభ్యసించెను.

ఆ రోజులలో జర్మనీ రెండు రాజ్యములుగా చీలియుండెను. తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ అను అన్నదమ్ములు ఆటస్థలమున బద్ధశత్రువులవలె తలపడుచుండిరి. 1974లో పశ్చిమ జర్మనీ జట్టునకు వ్లాడో స్టెంజెల్ అను యుగోస్లావియా దేశీయుడు శిక్షకుడుగా వచ్చెను. 1972లో యుగోస్లావియాకు ఒలింపిక్ స్వర్ణమును సంపాదించి పెట్టినవా డతడు. అతడు పేరుపడిన పెద్దలను ప్రక్కన పెట్టి యువకులను చేరదీసెను. 1976 మార్చిలో మాంట్రియల్ ఒలింపిక్సునందు ప్రవేశమునకై తూర్పు జర్మనీతో పోటీ జరిగెను. పశ్చిమ జర్మనీ కొద్ది తేడాతో ఓడినను ప్రవేశము దక్కును. ఇంకొక్క గోలు పడినచో దక్కదు. అట్టి సమయమున, చిట్టచివరి క్షణమందు తూర్పువారికి ఏడు మీటర్ల దండనత్రో లభించెను. పశ్చిమపు గోలుకీపరు మాన్‌ఫ్రెడ్ హోఫ్‌మాన్ దాని నాపెను. ఆ యొక్క ఆపుదలతో జట్టు మాంట్రియల్ చేరి నాలుగవ స్థానమును పొందెను. బ్రాండ్ ఆ జట్టులో నుండెను.

రెండేండ్ల తరువాత, 1978లో, ప్రపంచపోటీలు డెన్మార్కు దేశమున జరిగెను. ఫిబ్రవరి 5వ తేదీన కోపెన్‌హేగెన్‌లో తుదిపోటీ. ఎదుట నిలిచినది సోవియట్ యూనియన్ జట్టు. గెలుపు వారిదే యని యెల్లరును తలచిరి. ఆ పోటీలో స్టెంజెల్ చేసిన పని యొకటి కలదు. డీటర్ వాల్ట్‌కె అను ఆటగాడు అంతవరకు బల్లమీద కూర్చుండి చూచుచుండెను. రెండవ భాగమున అతనిని స్టెంజెల్ లోనికి పంపెను. అతడు వెనువెంటనే మూడు గోలులు చేసి, మరల వచ్చి కూర్చుండెను. పోటీ 20–19 గోలులతో ముగిసెను. పశ్చిమ జర్మనీ ప్రపంచవిజేత యయ్యెను. ఒక్క గోలు తేడాతో గెలిచినచోట, బల్లమీదినుండి వచ్చిన ఆ మూడు గోలుల విలువ యెంతయో చెప్పనక్కరలేదు. ఎవనిని ఎప్పుడు లేపవలెనో తెలిసిన శిక్షకుని కన్ను అది. దానిని దగ్గరనుండి చూచినవారిలో బ్రాండ్ ఒకడు. ఏండ్లు గడచిన పిమ్మట ఆ పాఠము అతనికి అక్కరకు వచ్చెను.

ఆ విజేతలలో అందరికంటె మేటి యోఆఖిమ్ డెకార్మ్. అతడును గుమ్మర్స్‌బాఖ్ సంఘమువాడే. బ్రాండ్‌కు రెండేండ్లు చిన్న. దేశమునకు 104 పోటీలలో 381 గోలులు చేసినవాడు. ప్రపంచములో అతనికి సాటి లేరని ఆనాడు చెప్పుకొనిరి. 1979 మార్చి 30వ తేదీన గుమ్మర్స్‌బాఖ్ జట్టు హంగేరీ దేశమందలి టటాబాన్యా పట్టణమున ఆడుచుండెను. పరుగులో నున్న డెకార్మ్ ప్రత్యర్థి యొకనితో ఢీకొని నేలకూలెను. అక్కడి నేల కాంక్రీటుది. పైన పరచిన పొర పలుచనిది. తలకు తగిలిన దెబ్బతో అతడు స్మృతి తప్పెను. 131 దినములు అతనికి తెలివి రాలేదు. తెలివి వచ్చిన పిమ్మట, ఇరువదియైదేండ్ల ఆ వీరుడు మాటలాడుటను, కూర్చుండుటను, నడచుటను పసివానివలె మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చెను. అతని బాల్యపు శిక్షకుడు వెర్నెర్ హ్యూర్టెర్ ఏండ్లకొలది అతని ప్రక్కన నుండి ఆ విద్యలను ఒక్కొక్కటిగా నేర్పెను.

ఆ సంవత్సరము ఆ కప్పును గుమ్మర్స్‌బాఖ్ జట్టే గెలుచుకొనెను. కాని ఆ కప్పును తలచుకొన్నప్పుడెల్ల గెలుపుకంటె ముందుగా ఆ నేలయే గుర్తునకు వచ్చును. నిన్నటివరకు ఆటస్థలమున మెరుపువలె మెరసినవాడు నేడు చెంచా నోటికి చేర్చుకొనుటకై పాటుపడుచుండగా చూచిన స్నేహితులకు ఆట యెంతటిది, మనిషి యెంతటివాడు అను తారతమ్యము తెలియక మానదు. 1978 నాటి సహచరులు డెకార్మ్‌ను విడిచిపెట్టలేదు. తరువాతి కాలమున డెకార్మ్ గుమ్మర్స్‌బాఖ్‌లోని సంరక్షణాలయమున చాల సంవత్సరములు నివసించెను. అతనిని చూడబోవు స్నేహితులలో బ్రాండ్ ఒకడు. అప్పటికి బ్రాండ్ దేశమంతటను పేరుమోసిన శిక్షకుడు. హ్యూర్టెర్ చేసిన పనికి పతకములు లేవు, చప్పట్లు లేవు. అయినను ఒక శిక్షకుడు తన శిష్యునికి చేయగల సేవలలో అంతకు మించినది వేరొకటి యుండునా?

1980 నాటి మాస్కో ఒలింపిక్సును పశ్చిమ జర్మనీ బహిష్కరించెను. ప్రపంచవిజేతలైన ఆటగాండ్రకు స్వర్ణపతకమునకై పోరాడు అవకాశము రాజకీయ కారణములచే తప్పిపోయెను. ఆటగాని వయస్సు మంచుగడ్డవంటిది; నాలుగేండ్లు దానిని దాచి యుంచుట యెవరితరమును కాదు. బ్రాండ్ మరికొన్ని ఏండ్లు తన సంఘమునకు ఆడి, 1982, 1983 సంవత్సరములలో జాతీయ లీగు విజయములను, 1983లో ఐరోపా విజేతల కప్పును అందుకొనెను. వాణిజ్యశాస్త్రము చదువుకొన్నవా డగుటచే ఆట విడిచినను అతనికి బ్రతుకుతెరువు కలదు. అయినను అతడు ఆటను విడువలేదు. శిక్షకుని బల్లకు చేరెను.

ఆ బల్ల చూచుటకు దగ్గరగానే యుండును. ఆటస్థలపు గీతకును దానికిని నడుమ రెండు మూడు అడుగులే. కాని ఆ రెండడుగులు దాటుట నది దాటుటవంటిది. నిన్నటివరకు తప్పు జరిగినచో తానే పరుగెత్తి దిద్దుకొనుచుండెను. నేడు కాలు లోపల పెట్టుటకు వీలులేదు. తోలుబొమ్మలాడించువానికి దారములు చేతిలో నుండును. శిక్షకునికి అవియును లేవు. ఆట సాగుచుండగా అతని యరుపు ప్రేక్షకుల హోరులో కలసిపోవును. ఆనాటి నియమము ప్రకారము ఒక్కొక్క భాగమునకు ఒక్కసారి మాత్రమే, ఒక్క నిమిషముపాటు, ఆటను నిలిపి తనవారిని దగ్గరకు పిలువవచ్చును. ఆ నిమిషములో చెప్పగలిగినది నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు పనిచేయవలెనన్న, వాని వెనుక నెలలకొలది అభ్యాసమును, నమ్మకమును ఉండవలెను.

బ్రాండ్ తొలుత జాతీయజట్టు శిక్షకునికి సహాయకుడుగా పనిచేసెను. పిదప 1987లో గుమ్మర్స్‌బాఖ్ శిక్షకుడయ్యెను. ఆ సంఘము 1988లోను, 1991లోను అతని శిక్షణలో జర్మనీ విజేత యయ్యెను. ఈలోగా 1989లో బెర్లిన్ గోడ కూలెను. 1990లో రెండు జర్మనీలును ఏకమయ్యెను. రెండు గొప్ప జట్లు కలసి ఒకటి యగుటచే ఆ జట్టునకు ఎదురుండదని పలువురు తలచిరి. జరిగిన దందుకు విరుద్ధము. 1997 నాటి ప్రపంచపోటీలకు ఏకజర్మనీ జట్టు అర్హతయే పొందలేకపోయెను. ఓడలు బండ్లగునని మనవా రనుట ఇందుకే. సరిగా ఆ సమయమున, 1997 సంవత్సరారంభమున, జాతీయజట్టు బాధ్యత బ్రాండ్ భుజములపై పడెను.

అతడు చేపట్టిన జట్టులో గోడకు ఇరువైపుల పుట్టినవా రుండిరి. గోలుకీపరు హెన్నింగ్ ఫ్రిట్స్ తూర్పు జర్మనీలోని మాగ్డెబుర్గ్ నగరమున జన్మించెను. స్టెఫాన్ క్రెట్‌ష్మార్ తూర్పునందలి లైప్సిగ్ నగరమున పుట్టెను. అతని తల్లి తూర్పు జర్మనీ హ్యాండ్‌బాల్ జట్టులో ప్రఖ్యాతి గాంచినది. బోగ్డాన్ వెంటా పోలెండులో పుట్టి పెరిగి, జర్మనీ పౌరుడై ఆ జట్టులో చేరినవాడు. ఇట్టివారిని ఒక్క గోడగా నిలుపుట బ్రాండ్ మొదటి పని. గోలులు చేయువా రెందరున్నను, రక్షణ బలహీనమైనచో జట్టు నిలువదని అతని నమ్మకము. ఆటగాడుగా తాను నేర్చిన విద్య యది. దానినే మొదట నేర్పెను. 1998లో ఐరోపాపోటీలలో జట్టునకు కాంస్యపతకము వచ్చెను.

తరువాతి సంవత్సరములు ఓర్పును పరీక్షించినవి. 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు క్వార్టర్ ఫైనల్‌లో స్పెయిన్ చేతిలో ఒక్క గోలుతో ఓటమి. 2002లో ఐరోపాపోటీల తుదిమెట్టు. స్టాక్‌హోమ్ నగరమున స్వీడన్‌తో పోటీ. చివరి క్షణములలో జర్మనీ చేసిన గోలు చెల్లదని రిఫరీలు తీర్పు చెప్పిరి. అదనపు సమయమున 31–33తో జట్టు ఓడెను. 2003లో ప్రపంచపోటీల తుదిమెట్టు. లిస్బన్ నగరమున క్రొయేషియా చేతిలో 31–34తో ఓటమి. రెండుమార్లు మేడ చివరి మెట్టువరకు ఎక్కి దిగవలసివచ్చెను. ఇట్టిచోట శిక్షకుడు రెండు తప్పులు చేయవచ్చును. ఓటమికి ఇతరులను నిందించుట యొకటి. నిరాశపడి అన్నిటిని తారుమారు చేయుట రెండవది. బ్రాండ్ ఆ జట్టునే నమ్మి నిలిచెను.

ఆ నమ్మకము 2004లో ఫలించెను. స్లొవేనియాలో ఐరోపాపోటీల తుదిమెట్టున ఆతిథేయులనే 30–25తో జయించి జర్మనీ విజేత యయ్యెను. అదే సంవత్సరము ఏథెన్స్ ఒలింపిక్సున క్వార్టర్ ఫైనల్‌లో మరల స్పెయినే ఎదురుపడెను. రెండు అదనపు సమయములు ముగిసినను ఎవరును గెలువలేదు. ఏడు మీటర్ల దండనత్రోలతో తీర్పు జరుగవలసివచ్చినప్పుడు ఫ్రిట్స్ గోలులో కొండవలె నిలిచి జట్టును గట్టెక్కించెను. తుదిమెట్టున మరల క్రొయేషియా. 24–26తో మరల రజతము. ఆ పోటీల పిమ్మట క్రెట్‌ష్మార్, క్రిస్టియన్ ష్వార్ట్సర్ మొదలగు పెద్ద ఆటగాండ్రు ఒక్కసారిగా జాతీయజట్టునుండి విరమించిరి. ఏడేండ్లు పెంచిన తోటలోని పెద్ద చెట్లన్నియు ఒక్క దినముననే తొలగిపోయినట్లయ్యెను. బ్రాండ్ మరల నారు పోసి మొదలిడెను. 2005 నాటి ప్రపంచపోటీలలో ఆ లేతజట్టు తొమ్మిదవ స్థానముతో సరిపెట్టుకొనెను.

2007లో ప్రపంచపోటీలు జర్మనీ గడ్డపైననే జరిగెను. జట్టు తొలిదశలోనే పోలెండు చేతిలో 25–27తో ఓడెను. పైగా గోలుకీపరు ఫ్రిట్స్‌ను గూర్చి పలువురకు సందేహము కలిగెను. 2004లో ప్రపంచపు ఉత్తమ ఆటగాడని గౌరవింపబడిన అతడు, 2006లో తన సంఘమైన కీల్ జట్టునకు ఫ్రాన్సు దేశపు గోలుకీపరు తియెరీ ఒమేయెర్ వచ్చుటతో ఎక్కువ దినములు బల్లమీదనే గడపుచుండెను. సంఘమున ఆడనివానిని దేశమునకు ఆడించుట సాహసము. బ్రాండ్ అతనిని ఎన్నుకొనెను. అంతలో గీతవద్ద ఆడు ఆండ్రేయ్ క్లిమొవెట్స్ గాయపడెను. రెండేండ్లకు పైగా జాతీయజట్టునకు దూరముగా నున్న ష్వార్ట్సర్‌ను బ్రాండ్ పిలిచెను. 37 ఏండ్ల ఆ పెద్దవాడు మారుమాట లేక వచ్చి చేరెను. ఒకనాడు స్టెంజెల్ వాల్ట్‌కెను బల్లమీదినుండి లేపినట్లే, ఇప్పుడు బ్రాండ్ ఒకనిని బల్లమీదినుండి, వేరొకనిని విశ్రాంతినుండి లేపెను.

సెమీఫైనలున ఎదుట నిలిచినది ఫ్రాన్సు. ఆ గోలులో నిలిచినది ఒమేయెర్. రెండు అదనపు సమయములు ఆడినపిమ్మట జర్మనీ 32–31తో గెలిచెను. ఈ మారు చివరి క్షణములలో చెల్లదని రిఫరీలు త్రోసివేసిన గోలు ఫ్రాన్సువారిది. 2002లో జర్మనులు పడిన బాధను 2007లో ఫ్రెంచివారు పడిరి. రిఫరీ ఈల ఒకనాడు ఒకరికి, మరొకనాడు వేరొకరికి చేదుగా వినబడును. దానిపై మనస్సు పెట్టినవాడు ముందునకు సాగలేడు.

ఫిబ్రవరి 4వ తేదీన కొలోన్ నగరమున తుదిపోటీ. 1978 నాటి విజయమునకు సరిగా 29 సంవత్సరములకు ఒక్క దినము తక్కువ. బ్రాండ్ పుట్టిన ఊరినుండి ఆ నగరము గంట ప్రయాణము. సుమారు 19,000 మంది ప్రేక్షకులతో శాల నిండిపోయెను. ఎదుట మరల పోలెండు జట్టే. దాని శిక్షకుడు బోగ్డాన్ వెంటా! ఏ బ్రాండ్ శిక్షణలో అతడు జర్మనీకి ఆడెనో, ఆ బ్రాండ్ ఎదుటనే అతడు తన జన్మభూమి జట్టును నడపుచుండెను. గురువొక బల్లపై, శిష్యుడొక బల్లపై. జర్మనీ తొలుత బాగుగా ముందంజ వేసెను. రెండవ భాగమున పోలెండు పట్టుదలతో ఆ తేడాను కరగించుచు దగ్గరకు వచ్చెను. అంతలో ఫ్రిట్స్ గాయపడి వెలుపలికి పోవలసివచ్చెను. అతని స్థానమున యోహన్నెస్ బిట్టర్ అను యువకుడు వచ్చి, బంతి వెంట బంతిని ఆపెను. తుదకు 29–24తో జర్మనీ ప్రపంచవిజేత యయ్యెను. బల్లమీద కూర్చుండినవానిని సిద్ధముగా నుంచుట యెంత ముఖ్యమో మరల ఋజువయ్యెను.

బ్రాండ్ ముఖమున గుబురైన పెద్ద మీసముండెను. దానివలననే చిన్నపిల్లలు సైతము అతనిని గుర్తుపట్టుచుండిరి. పతకములు స్వీకరించునప్పుడు ఆటగాండ్రందరును అట్టి మీసములనే అంటించుకొని నిలిచిరి. చూచినవారు నవ్విరి. ఆ నవ్వులో శిష్యుల కృతజ్ఞతయు కలదు. గోలు చేసినవాడును, ఆపినవాడును, బల్లపైనుండినవాడును తమ గురువు ముఖమును తామందరును ధరించిరి. గీతవద్ద నిలిచి ఇతరులకు సందు కల్పించిన మనిషి ఆనాడు పదునారు ముఖములలో కనబడెను.

కథ ఇక్కడనే ముగిసినచో చెవికి ఇంపుగా నుండును. కాని జీవితము అట్లు ముగియదు. 2008లో బీజింగ్ ఒలింపిక్సున జట్టు తొలిదశ దాటలేదు. 2010 ఐరోపాపోటీలలో పదవ స్థానము, 2011 ప్రపంచపోటీలలో పదునొకండవ స్థానము వచ్చెను. ధనవంతములైన జర్మనీ సంఘములు పరదేశపు మేటి ఆటగాండ్రను తెచ్చుకొనుచున్నందున, స్వదేశపు యువకులకు ఆడుటకు తగిన సమయము దొరకుట లేదని బ్రాండ్ పలుమార్లు మొరపెట్టుకొనెను. ఆటస్థలమున కాలు పెట్టనివాడు ఎంత అభ్యసించినను పండడని అతని వాదము. అందరును దానిని మెచ్చలేదు. అయినను అతడు చెప్పుట మానలేదు. 2011లో, పదునాలుగు సంవత్సరముల పిదప, అతడు ఆ పదవినుండి తొలగెను. తనకు సహాయకుడుగా నుండిన మార్టిన్ హోయ్‌బెర్గర్ దానిని స్వీకరించెను.

విద్యార్థులు ఆటలాడునప్పుడు సాధారణముగా గోలు చేసినవానినే భుజములపై ఎక్కించుకొందురు. అది సహజమే. కాని ఆ గోలునకు సందు కల్పించి తాను తోపులు తిన్నవా డెవడో ఒకసారి వెదకవలెను. తన వంతు రాకున్నను బల్లపై సిద్ధముగా కూర్చున్నవాని ముఖమును చూడవలెను. నేలపై పడినవాని ప్రక్కన, ఆట ముగిసిన తరువాత, ఎవరు కూర్చుండిరో గమనింపవలెను. శిక్షకులు కాగలవారు తరచుగా ఆ చోటులనుండియే వత్తురు.

హైనర్ బ్రాండ్ రెండుసార్లు ప్రపంచమును జయించెను. మొదటిసారి బంతి అతని చేతికి అందుచుండెను. రెండవసారి అతడు బంతిని ముట్టనేలేదు. ముట్టక గెలిచిన ఆ గెలుపునకు 29 సంవత్సరములు పట్టెను. తన చేతిలోని విద్యను మరొకని చేతిలోనికి చేర్చుటకు ఆమాత్రపు కాలము పట్టుట వింత కాదు. అట్లు చేర్చబడిన విద్యయే, నేర్పినవాడు బల్ల విడిచి పోయినపిమ్మటను, ఆటస్థలమున నిలిచియుండును.